తినేసి బయల్దేరు

చల్లారిపోతుంది మేడమ్, తినండి అని విమానంలో భోజనాలు పంచే అమ్మాయి రెండోసారి వచ్చి చెప్పి వెళ్ళింది. పాపం నవ్వుతూనే చెప్పింది. ఈ పళ్ళెం మీది వెండిరేకు మూత నేను తీయనంతసేపూ మా అక్క బాగానే ఉంటుందని ఆ అమ్మాయికేం తెలుసు. ఎవరికైనా చెబితే నవ్వుతారు, బి.ఎడ్. చదివి పిల్లలకు భూగోళం చెప్పే మనిషివి, ఇదేం వెర్రి అంటారు. వెర్రి కాదు, మా ఇంటి పద్ధతి. ఎవరు మొదలుపెట్టారో తెలియదు కానీ మా ఇంట్లో మనిషి పోయిన కబురు ఖాళీ కడుపుకు చెప్పరు. ముందు తిన్నావా అని అడుగుతారు, లేదంటే కూర్చోబెట్టి దగ్గరుండి తినిపిస్తారు, చెయ్యి కడుక్కుని వచ్చాక అప్పుడు చెబుతారు. విన్నాక ఎలాగూ ముద్ద దిగదు, ఏడవడానికైనా ఒంట్లో సత్తువ ఉండాలి కదే అని మా నాన్నమ్మ అనేదట. దూరాన ఉన్నవాళ్ళకైతే ఫోన్లో అసలే చెప్పరు, ఏదో ఒకటి చెప్పి బయల్దేరదీస్తారు. నిన్న పొద్దున నేను స్టాఫ్ రూమ్‌లో హాజరు పట్టీ వెతుక్కుంటుండగా బావ ఫోన్ చేసి, అక్కకి కాస్త నలతగా ఉందమ్మా, కంగారేమీ లేదు, తినేసి బయల్దేరు అన్నాడు. నేను తినలేదు. నిన్న మధ్యాహ్నం తినలేదు, రాత్రి తినలేదు, ఇప్పుడూ తినను. తిననంతవరకూ నాకెవరూ ఏమీ చెప్పడానికి వీల్లేదు.

ముందు సీటు వీపుకున్న చిన్న తెర మీద బొమ్మ విమానం ఒకటి నీలం మీద పాకుతోంది. ఎంత పెద్ద రెక్కలో దానికి, ఒక్కో రెక్క కింద ఒక్కో దేశం దాక్కుంటోంది. గమ్యానికి దూరం అని ఒక అంకె, మిగిలిన సమయం అని ఇంకో అంకె, రెండూ తగ్గుతున్నాయి. నేను మొదటిసారి విమానం ఎక్కాను, ఎక్కితే కిటికీలోంచి భూమి చూడాలని ఎన్నాళ్ళ కోరికో, నదులు నిజంగా పటంలో గీసినట్టే ఉంటాయా అని, ఇప్పుడు కిటికీ పక్కనే ఉంది, నేను అంకెలు చూస్తున్నాను. పక్క సీటు పెద్దాయన మాత్రం అన్నీ చూస్తున్నాడు. లిఫ్టులు బాగుచేసే పనట, అక్కడ ఏదో పెద్ద భవనంలో లిఫ్టు మొరాయిస్తే కంపెనీ పంపుతోందట. ఎక్కినప్పటి నుంచీ ఆయనకు ఒకటే అనుమానం.

"ఏమ్మా, నేరుగా పోకుండా ఈ వంపేంటి? మీటరు తిరగాలని ఆటోవాడు తిప్పినట్టు తిప్పుతున్నాడు."

"అదే నేరు దారండీ. భూమి గుండ్రం కదా, బల్లపరుపు బొమ్మ మీద వంపులా కనిపిస్తుంది."

"మా లిఫ్టు నయం. పైకి, కిందికి. ఇన్ని మాయలు లేవు."

ఈ మాయను నేను తరగతిలో దారంతో చెబుతాను. గ్లోబు మీద రెండు ఊళ్ళకు రెండు వేళ్ళు పెట్టించి మధ్యలో దారం బిగించమంటాను, బిగిస్తే దారం తనంతట తానే జరిగి దగ్గరి దారి వెతుక్కుంటుంది. అదే దారిని గోడమీది పటంలో గీయిస్తే విల్లులా వంగుతుంది, పిల్లలు నోళ్ళు తెరుస్తారు. ఆ దారం అక్కదే. నీలం రంగు, బడి యూనిఫారాలు కుట్టే రీలు, బావకు పని దొరికి ఇద్దరూ ఆ ఊరు వెళ్ళిపోయినప్పుడు మిషన్ సొరుగులో మిగిలిపోయింది. మా ఊరికీ అక్క ఊరికీ మధ్య గ్లోబు మీద జానెడు కూడా లేదు. వేల కిలోమీటర్లని పిల్లలతో చెప్పిస్తాను గానీ నా కళ్ళకు అది ఎప్పుడూ జానెడు దారమే. ఆ మాట అక్కతో అంటే, జానెడు దారంతో బొత్తాం కూడా నిలవదే, ఇంకాస్త వదులుంచాలి అంది. ఆమెకు కిలోమీటర్లు ఎక్కవు. వేసవి సెలవులకు వస్తాను అన్నప్పుడు, ఎంత దూరమే అని అడిగింది, చెప్పాను, అది కాదు పంతులమ్మా, ఎన్ని చొక్కాలు అంది. అంటే నేను విమానం ఎక్కి దిగేలోపు తను ఎన్ని చొక్కాలు కుట్టగలదని. తనే లెక్కేసుకుని, కాలర్లతో కలిపి ఎనిమిది చొక్కాల దూరం, పొట్టి చేతులవైతే పది, ఫర్వాలేదే దగ్గరే అంది. ఇప్పుడు ఐదో చొక్కా మీద ఉంటుంది. చేతులు అతికించడం అయిపోయి కాలర్ తిప్పుతుంటుంది. కాలర్ దగ్గర మాట్లాడించకూడదు, ఊ అంటుంది తప్ప మాట్లాడదు, నోట్లో గుండుసూదులుంటాయి. అందుకే మాట్లాడలేదు. అందుకే నిన్న ఫోన్ బావ చేశాడు.

అక్కడి గడియారం మాకంటే ముందు. సూర్యుడు ముందు అక్క ఊరు వెళ్ళి తర్వాత మా ఊరు వస్తాడు. నేను జడ వేసుకుని బడికి బయల్దేరేసరికి అక్కకు మధ్యాహ్నమై, చేతిలో పని పక్కన పెట్టి ఫోన్ చేసేది. ఈ రోజు చూసేశానే, బాగానే ఉంది, వెళ్ళు అనేది. రోజూ అదే మాట. ఎప్పుడైనా, గొడుగు పట్టుకెళ్ళు అనేది. నీ ఊళ్ళో వానకు నా ఊళ్ళో గొడుగేంటే అంటే, వెనకాలే వస్తోందిలే, నడిచి రావాలి కదా అనేది. పోయినేడు కాలమండలాల పాఠం చెబుతుంటే కిటికీ దగ్గరి పిల్ల ఒకతె లేచి, టీచర్, అక్కడ ముందే తెల్లారితే అక్కడివాళ్ళు ముందే ముసలివాళ్ళయిపోతారా అని అడిగింది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. అక్కకు చెబితే ఫోన్ పగిలేలా నవ్వి, తెలివైన పిల్లే, నాకు ముందే తల ఎందుకు నెరిసిందో ఇన్నాళ్ళకు ఒకరు చెప్పారు అంది. ఆ పిల్లకు అప్పుడేదో జవాబు చెప్పాను, గంటలు వేరు, వయసు వేరు అని. ఇప్పుడు అడిగితే చెప్పలేను. విమానం తూర్పుకు పోతోంది, సూర్యుడికి ఎదురుగా, కాబట్టి ఈ పగలు మామూలు పగళ్ళకంటే పొట్టి. ఇందాకే కదా ఎక్కాం, అప్పుడే రెక్క మీద ఎండ పచ్చబడుతోంది, ఎవరో నా రోజుకు అంచు మడిచి కుట్టేస్తున్నట్టు ఉంది. నిన్న బావ ఫోన్ చేసినప్పుడు నాకు పొద్దున, ఆయనకు మధ్యాహ్నం. మధ్యాహ్నం దాకా ఆగి చేశాడంటే జరిగింది అంతకుముందే, అంటే నేనింకా నిద్రలో ఉండగానే అక్కడ తెల్లారి... లేదు. అక్కడ జరిగిందేమీ లేదు. నలత.

అక్క ప్రతిదానికీ ముందే. చీకటి గదిలోకి వెళ్ళాలంటే, నువ్వుండు, ముందు నేను చూసొస్తా. కాలువ దాటాలంటే ముందు తను దిగి, మోకాళ్ళ దాకానే అని అరిచేది, అది ఆమె మోకాళ్ళు, నాకు నడుం దాకా వచ్చేది. చేదు మందు ముందు తన నాలుక మీద వేసుకుని, ఏం లేదే తీపి అని మొహం ముడతలు పడకుండా అబద్ధం చెప్పేది. బడిలో సూది వేయడానికి వస్తే వరసలో నన్ను వెనక్కి నెట్టి తను చెయ్యి చాపి, చీమ కుట్టినట్టు కూడా లేదు అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బడికి కూడా ముందు తనే వెళ్ళి చూసొచ్చింది, చూసి, బాగుంది నువ్వు వెళ్ళు అని నన్ను పంపి తను మిషన్ ముందు కూర్చుంది. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది అంటారు అందరూ. పట్టా ఇచ్చే రోజు వేసుకునే నల్లగౌనులు అక్క పనిచేసే దుకాణంలోనే అద్దెకిచ్చేవాళ్ళు, నా భుజాలకు సరిచేయడానికి ఒకటి ఇంటికి తెచ్చి, నాకివ్వకుండా తనే తొడుక్కుని, టోపీ పెట్టుకుని, అద్దం ముందు నిలబడి, చూశారా, దీనికంటే ముందు పట్టా నాకే వచ్చింది అంది. నాన్న చప్పట్లు కొట్టి, ఏం చదివావమ్మా అంటే, బొత్తాల శాస్త్రం అంది. ఆ గౌను నేను వేసుకున్నప్పుడు అక్క ఒంటి వెచ్చదనం ఇంకా ఉంది అందులో. ఇప్పుడు కూడా ఏదో చూడ్డానికి ముందు వెళ్ళిందా. వెళితే వచ్చి చెబుతుంది కదా. ఎప్పుడూ వచ్చి చెప్పింది కదా, మోకాళ్ళ దాకానే అని.

నాన్న పోయినప్పుడు ఫోన్ చేసే పని నాకు పడింది. పెద్దనాన్న ఫోన్ నా చేతిలో పెట్టి, చదువుకున్నదానివి, మాట కుదురుగా చెప్పగలవు, నువ్వే చెప్పు అన్నాడు. చదువుకున్నవాళ్ళకు మా ఇంట్లో ఇలాంటి పనులే పడతాయి, బ్యాంకు కాగితాలు, మందుచీటీలు, చావు కబుర్లు. వెనక వరండాలో నిలబడి మాటలు ఏరుకున్నాను. సీరియస్ అంటే దారంతా ఏడుస్తుంది. బాగాలేదు అంటే ఏమైందని తవ్వుతుంది. జ్వరం అంటే జ్వరానికి విమానమేంటే అంటుంది. ఏరి ఏరి నలత అన్న మాట పట్టుకున్నాను. నలత మంచి మాట, దగ్గు వచ్చినా నలతే, ఇంకేం వచ్చినా నలతే, తలుపు దగ్గరగా వేసినట్టుంటుంది కానీ గడియ పెట్టినట్టు ఉండదు. నాన్నకి కాస్త నలతగా ఉందే, కంగారేమీ లేదు, తినేసి బయల్దేరు అన్నాను. గొంతు వణకలేదు. పెద్దనాన్న నా తల మీద చెయ్యి పెట్టి, చదువు ఊరికే పోలేదు అన్నాడు. మర్నాడు విమానాశ్రయానికి నేనే వెళ్ళాను. అక్క బయటికి వచ్చి నన్ను చూసి నవ్వింది. తిన్నావా అన్నాను, లేదే అంది. అక్కడి క్యాంటీన్‌లో కూర్చోబెట్టి భోజనం తెప్పించాను. మెతుకు మిగల్చకుండా తింది, మధ్య మధ్యలో బడి సంగతులు అడిగింది, నేను చెప్పాను, మా హెడ్మాస్టర్ ముక్కుతో మాట్లాడే తీరు అనుకరించి కూడా చూపించాను, అక్క నవ్వి, ఇంకోసారి చెయ్యవే అంది, చేశాను. పళ్ళెం ఖాళీ అయింది. ఇక చెప్పాలి. అక్క చెయ్యి కడుక్కుని వచ్చి, ఆ తడిచెయ్యి నా భుజం మీద వేసి, పద వెళ్దాం, నాన్న ఎదురుచూస్తుంటాడు అంది. దారిలో నా చెయ్యి వదల్లేదు. ఆ మాట నేను చెప్పనే లేదు, చెప్పే అవసరం అక్క రానివ్వలేదు. చాలా రోజుల తర్వాత ఫోన్లో, నీకెప్పుడు తెలిసిందే అని అడిగితే, నువ్వు తినేసి బయల్దేరు అన్నప్పుడే అంది. మరి అంత అన్నం ఎలా తిన్నావే అంటే, నువ్వంత కష్టపడి దాచావు, నేను తినకపోతే నీ కష్టమంతా ఏం కాను అంది.

నాన్నకి నలత అని నేను చెప్పినప్పుడు బావ అక్క పక్కనే ఉన్నాడట, ఫోన్ స్పీకర్లో ఉందట. నిన్న అదే వాక్యం, మాట పొల్లుపోకుండా, పిల్లలు పద్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. నేను కుట్టిన చొక్కా నాకే తొడిగినట్టు. బావ నన్ను ఎప్పుడూ అమ్మా అనడు, అక్క పెట్టిన పేరే, ఏం పంతులమ్మా అనే పిలుస్తాడు, నిన్న మాత్రం అమ్మా అన్నాడు. అక్కకివ్వు బావా అంటే, పడుకుందమ్మా, లేపకూడదన్నారు అన్నాడు. మళ్ళీ అమ్మా. డాక్టర్లు అలా అంటారు, నిజమే, మా సైన్స్ టీచర్‌కు రాళ్ళ ఆపరేషన్ అయినప్పుడు కూడా లేపకూడదన్నారు, ఆమె ఇప్పుడు నాకంటే వేగంగా మెట్లెక్కుతుంది. అక్కకు కడుపునొప్పి అప్పుడప్పుడూ వస్తూనే ఉంది, నిలబడి కుడితే తగ్గుతుందిలే అనేది. బావకు అబద్ధం చేతకాదు, పేకాటలో మంచి ముక్క వస్తే చెవులు ఎర్రబడతాయి, అక్క ఎప్పుడూ ఆయన ముక్కలు కాదు చెవులు చూసే ఆడేది. ఫోన్లో చెవులు కనబడవు. అక్క ఇంటికి ఎప్పుడు ఫోన్ చేసినా వెనక మిషన్ టకటకలాడుతూ ఉంటుంది, ఆపి మాట్లాడవే అంటే, నీతో మాట్లాడేది నోరు, చేతులు ఖాళీయే కదా అనేది. నిన్న ఆ చప్పుడు లేదు. వెనక ఎవరో కుర్చీలు జరుపుతున్నారు. కుర్చీలు ఎందుకు జరుపుతారు. ఊడవడానికి జరుపుతారు. డాక్టర్ వస్తే కూర్చోవడానికి జరుపుతారు. చాలామంది వచ్చినప్పుడు జరుపుతారు. ఎలాగూ సెలవులకు వెళ్ళాల్సిందే, వీసా వచ్చి సంచిలోనే ఉంది, టికెట్టు నాలుగు వారాలు ముందుకు జరిగింది, అంతే. నా కోసం పరుపు కొని, దానికి పూల గలేబు కుట్టి పెట్టిందట, నువ్వొచ్చి పడుకునే దాకా పిల్లిని కూడా ఎక్కనివ్వను అంది. ఆ గలేబు మీద పడుకుని నేను లేచేసరికి మిషన్ చప్పుడు వినబడాలి. అంతే నాకు కావలసింది.

పళ్ళేలు తీసుకుపోవడానికి వచ్చారు. నా పళ్ళెం మూత మూతలాగే ఉంది.

"ముట్టుకోనే లేదేంటమ్మా," అన్నాడు పెద్దాయన. "బానే ఉంది, ఉప్పొక్కటే తక్కువ."

"ఆకలి లేదండీ."

"మా ఆవిడ కూడా అంతే. ఆకలి లేదంటే ఎవరి మీదో కోపం వచ్చినట్టు లెక్క."

నాకు కోపం ఎవరి మీద. ఈ అంకెల మీద. ఇన్నేళ్ళు బోర్డు మీద రాయించాను, దూరం బై వేగం, సమయం వస్తుంది అని. వేగం తగ్గిస్తే సమయం పెరుగుతుంది, పిల్లలందరికీ తెలుసు, ఈ పైలట్‌కు తెలియదా, కాస్త నెమ్మదిగా పోరాదా. వంపు దారి ఇంకాస్త వంచి, ఆటోవాడిలా ఊరంతా తిప్పి తీసుకెళితే ఎంత బాగుండు. అక్క అన్నట్టు ఇంకాస్త వదులుంచాలి. దారం మరీ బిగిసిపోయింది. చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి, అంటే దిగుతున్నాం, కిటికీలో ఒక ఊరు వంగి పైకి వస్తోంది, ఇళ్ళు, వాటి మీద నీళ్ళ ట్యాంకులు, ఒక మైదానంలో పిల్లలు, అన్నీ మామూలుగానే ఉన్నాయి, ఏదో ఒక ఇంటి ముందు కుర్చీలు వేసి ఉంటాయా అని చూడకూడదనుకుంటూనే చూశాను. చక్రాలు నేలను తాకాక, అక్కడి సమయం ఇదీ అని మైకులో చెబితే అందరూ గడియారాలు ముందుకు తిప్పుకున్నారు. నేను తిప్పుకోలేదు. పెద్దాయన తన ఫోన్ నాకు చూపించాడు.

"దానంతటదే మారిపోయింది చూడమ్మా. నాలుగు గంటలు మనం బతక్కుండానే అయిపోయాయి. వీటిని ఎవరిని అడగాలి?"

నా ఫోన్ నేను తెరవలేదు. సంచి అడుగున, చీరల కింద పెట్టాను.

బావ ఇనుప కమ్మీ అవతల నిలబడి ఉన్నాడు. చొక్కాకు ఇస్త్రీ లేదు. అక్క ఆయన్ని ఇస్త్రీ లేని చొక్కాతో వీధి కొట్టుకు కూడా పంపదు, నా పరువు నీ వీపు మీద తిరుగుతుంది అంటుంది. వచ్చావా అన్నాడు, నా సంచి అందుకున్నాడు, నా మొహం చూడకుండా సంచి చక్రాలు చూశాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైనా తిన్నావా అమ్మా?"

తిన్నాను అంటే ఆయన ఇక్కడే చెప్పేయాలి, ఈ తోపుడు బళ్ళ మధ్య, ఈ పూలగుత్తుల మధ్య, నిలబడి. ఎలా చెబుతాడు. పేకముక్క దాచలేని మనిషి.

"లేదు బావా."

ఊపిరి వదిలాడు, గడువు దొరికినవాడిలా. గోడవార బెంచీ దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి తన చేతిసంచిలోంచి స్టీలు డబ్బా తీశాడు. రెండు బ్రెడ్డు ముక్కల మధ్య గుడ్డట్టు, అడ్డదిడ్డంగా కోసి ఉంది, అంచులు నల్లగా ఉన్నాయి. అక్క కోస్తే స్కేలు పెట్టినట్టు ఉంటుంది.

"నేనే చేశాను. కాస్త మాడింది."

"నువ్వు తిన్నావా?"

"ఆఁ, తిన్నాలే."

తినలేదు. నిన్నటి నుంచీ తిని ఉండడు, పెదవులు పగిలి ఉన్నాయి. నేను తుంచుకుని నోట్లో పెట్టుకున్నాను. గుడ్డు పెంకు ఒకటి పంటి కింద పడింది, పడినట్టు తెలియనివ్వకుండా మింగాను. ఉప్పు ఒకచోట లేదు, ఒకచోట కుప్పగా ఉంది. పరీక్షలు అయిపోయాయా అని అడిగాడు, ఇంకా అవలేదన్నాను. మీ హెడ్మాస్టర్ ఇంకా ముక్కుతోనే మాట్లాడుతున్నాడా అన్నాడు. అక్క చెప్పి ఉంటుంది. ఒక్కసారి అనుకరించి చూపించాను. బావ నవ్వడానికి పెదవులు సాగదీశాడు, అవి నవ్వు దాకా రాలేదు, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని డబ్బాలోకి చూస్తూ కూర్చున్నాడు. డబ్బాలో ఒక ముక్క మిగిలింది.

అక్క అయితే ఈపాటికి ఇదీ తినేసి, లేచి చెయ్యి కడుక్కుని వచ్చేది. ఆ తడిచెయ్యి భుజం మీద వేసేది. ఏమనాలో నాకు తెలుసు, నేర్పిపోయింది, పద బావా, అక్క ఎదురుచూస్తుంటుంది, అంతే, ఆ ఒక్క మాట అంటే ఈ మనిషి బతికిపోతాడు. మాట నోటిదాకా వచ్చి ఉంది. ముక్క చేతిలోకి తీసుకున్నాను. నా వేళ్ళు దాన్ని రెండు చేశాయి. ఒక సగం నోట్లో పెట్టుకుని నమిలాను, ఇక నమలడానికేమీ లేనంతసేపు నమిలాను. మిగిలిన సగాన్ని మళ్ళీ రెండు చేశాను. బావ గొంతు సవరించుకుని నా వైపు తిరిగాడు.

"ఇంకా అవలేదు బావా," అన్నాను.

ఆయన తలూపి, నీళ్ళ సీసా మూత తీసి నా పక్కన పెట్టాడు.